సిగ్నల్ దగ్గర ఆగి మెసేజ్ పెట్టినా చలానానా? కట్టేయాలా, కొట్లాడాలా?

మూడోగేరు | శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి ఇంటికొస్తూ ఒక పెద్ద జంక్షన్ దగ్గర ఆగాను. రెడ్ పడింది, కౌంటర్‌లో 118 సెకన్లు చూపిస్తోంది. బండి న్యూట్రల్ చేసి, కాళ్లు రెండూ నేల మీద పెట్టుకుని జేబులోంచి ఫోన్ తీశాను. మా ఆవిడ మెసేజ్: "పెరుగు తోడుకోలేదు, ఒక ప్యాకెట్ తెండి." నేను "సరే" అని పెట్టి ఫోన్ జేబులో వేసేశాను. గ్రీన్ పడటానికి ఇంకా నిమిషం పైనే ఉంది.

ఇవాళ పొద్దున ఈ-చలానా వచ్చింది. సెల్‌ఫోన్ డ్రైవింగ్, 1,000 రూపాయలు, పైన యూజర్ ఛార్జీలు 35. ఫోటో తెరిచి చూస్తే నేనే. బొటనవేలు స్క్రీన్ మీద ఉంది, తల కిందికి వంచి ఉంది. నా పక్కన ఆటో మీద అతికించిన హాస్టల్ ప్రకటనలో ఫోన్ నంబర్ కూడా చదవొచ్చు, అంత క్లియర్.

నా ప్రశ్న ఒక్కటే. బండి కదలనప్పుడు అది డ్రైవింగ్ ఎట్లా అవుతుంది? ఇది కోర్టులో నిలబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

వానపాము | శనివారం, రాత్రి 9:20

ముందు ఇది చెప్పండి. పెరుగు తెచ్చారా లేదా?

మూడోగేరు | శనివారం, రాత్రి 9:22

తెచ్చాను. 1,070 పడింది మొత్తం.

చౌరస్తా | శనివారం, రాత్రి 9:41

అన్నా, నీ బాధ నాకు అర్థమైంది. నాకు కూడా పోయిన నెల ఇట్లనే పడింది. రాంగ్ సైడ్‌లో ముగ్గురు ఎక్కి పోయేటోళ్లని ఒక్కడు ఆపడు. నంబర్ ప్లేట్ వంచుకుని తిరిగేటోళ్లకి చలానానే పోదు. బుద్ధిగా సిగ్నల్ దగ్గర ఆగినోడే కెమెరాకి కదలకుండ దొరుకుతడు. కట్టకు అన్నా. డిస్కౌంట్ ఇచ్చినప్పుడు కట్టు.

ఓరుగల్లు_వకీలు | శనివారం, రాత్రి 10:35

మూడోగేరు గారూ, కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2019 వరకు మోటారు వాహనాల చట్టంలో ఫోన్ అనే మాట నేరుగా లేదు. 184వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి చెప్పేది, పోలీసులు ఫోన్ కేసులను అందులోకో, మామూలు జరిమానా సెక్షన్‌లోకో తోసేవాళ్లు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో 184కి ఒక వివరణ చేర్చారు. రెడ్ లైట్ దాటడం, రాంగ్ సైడ్‌లో వెళ్లడం లాంటివాటి వరసలోనే, నడుపుతూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం కూడా పెట్టారు. మాట్లాడటం, మెసేజ్ పెట్టడం, రీల్స్ చూడటం అని విడివిడిగా రాయలేదు. "వాడటం" అన్నారంతే. మీ "సరే" అందులోకే వస్తుంది.

శిక్ష సంగతి. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. చదివితే గుండె జారుతుంది కానీ, మామూలుగా ఒక ఫోన్ చలానాకి ఎవరినీ జైలుకి పంపరు. ఎందుకంటే 200వ సెక్షన్‌లో చిన్న వెసులుబాటు ఉంది. 184 కింద వచ్చే నేరాల్లో ఫోన్ వాడకం ఒక్కదానికే అక్కడికక్కడ డబ్బు కట్టి రాజీ చేసుకునే అవకాశం ఇచ్చారు. ఆ మొత్తం ఎంతో రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి. అందుకే ఊరు మారితే రేటు మారుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఆగి ఉన్నప్పుడు డ్రైవింగా కాదా? చట్టంలో "నడుపుతూ" అని ఉంది తప్ప, నడపడం అంటే ఏమిటో నిర్వచనం లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండి, రోడ్డు మధ్యలో, ట్రాఫిక్‌లో భాగంగా ఉన్నారు కాబట్టి నడుపుతున్నట్టే అని పోలీసులంటారు. మీరు కాదని వాదించవచ్చు. వాదనలో పస లేకపోలేదు. కానీ 1,035 కోసం కోర్టుకెళ్లి ఓడిపోతే మేజిస్ట్రేట్ గారు 5,000 దాకా వేయవచ్చు. అక్కడ ఒక పూట సెలవు, ఆటో ఖర్చు, నాలాంటివాడి ఫీజు వేరే. నా క్లయింట్ అయితే కట్టేయమనే చెబుతాను. ఫీజు పోయినా పరవాలేదు.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:52

వకీలు గారూ, కేరళ హైకోర్టు డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడితే నేరం కాదని తీర్పిచ్చిందని మా గ్రూపులో తిరుగుతోంది. అది చూపించి వాదించుకోవచ్చు కదండీ?

ఓరుగల్లు_వకీలు | శనివారం, రాత్రి 11:05

ఆ తీర్పు నిజమే, 2018 నాటిది. కానీ అది కేరళ పోలీసు చట్టంలో ప్రజలకు ప్రమాదం కలిగించే పనుల గురించి ఉన్న ఒక సెక్షన్ మీద వచ్చింది. ఫోన్ మాట్లాడినంత మాత్రాన ఆ సెక్షన్ వర్తించదని అన్నారు. ఏడాది తిరగ్గానే పార్లమెంటు ఏకంగా మోటారు వాహనాల చట్టంలోనే ఫోన్‌ని పెట్టేసింది. కాబట్టి ఆ ఫార్వర్డ్‌కి ఎప్పుడో ఎక్స్‌పైరీ అయిపోయింది. చెల్లని నోటు పట్టుకుని బజారుకి వెళ్లకండి.

బెజవాడ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 6:48

5,000 పడాల్సింది వెయ్యితో పోయింది, సంతోషించవయ్యా. కొత్త చట్టం వచ్చినప్పుడు తెలంగాణలో ఆ పెంచిన రేట్లు అమలు చేయలేదు. మా ఆంధ్రాలో 2020 అక్టోబర్‌లో జీవో ఇచ్చి మరీ పెంచారు. అప్పట్లో మా వీధిలో ఒకాయన బండి షెడ్డులో పెట్టి సైకిల్ కొన్నాడు. ఆర్నెల్లు తొక్కాడు, తర్వాత మళ్లీ మామూలే.

డిస్కౌంట్ గురించి ఆ కుర్రాడు చెప్పింది కూడా నిజమే. 2022 మార్చిలో తెలంగాణలో టూవీలర్‌కి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టినప్పుడు 80 శాతం. బుద్ధిగా టైముకి కట్టినవాడు వెర్రివాడు అయిపోయాడు. ఆషాఢం సేల్‌కి ఆగినట్టు జనం చలానాలకి ఆగుతున్నారు. ఇలాగైతే ఎవరికి భయం ఉంటుంది?

చౌరస్తా | ఆదివారం, ఉదయం 8:10

బాబాయ్, భయం పెట్టుడు కోసమా, ఖజానా నింపుడు కోసమా? చెట్టు చాటున కెమెరా పట్టుకుని నిలబడుడు ఏంది? ఆపి, ముఖం మీద చెప్పి, ఫైన్ రాయొచ్చు కదా. అప్పుడు కనీసం సిగ్గన్నా అయితది.

బెజవాడ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 8:31

ఆపితే లంచం అంటారు, ఆపకపోతే చాటు అంటారు. ఏం చేయమంటావు నాయనా?

సుభద్ర | ఆదివారం, మధ్యాహ్నం 2:17

ఈ దారం నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

2024 నవంబర్. మా మరిది కారులో నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వైపు వస్తున్నాడు. మా ఆడపడుచు నిశ్చితార్థం దగ్గర్లో ఉంది, అందరం కలిసి ఫ్యామిలీ గ్రూపులో నెక్లెస్ ఫోటోలు పెట్టుకుంటున్నాం. నేనే నాలుగు ఫోటోలు పెట్టి "మీకు ఏది నచ్చింది, త్వరగా చెప్పండి, షాపులోనే ఉన్నాం" అన్నాను. మరిది "ఎర్ర రాళ్లది బాగుంది వదినా" అని పెట్టాడు. టైము 6:21. అప్పుడే చీకటి పడుతోంది.

పచ్చగడ్డి మోపు వెనకాల కట్టుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయనకి కారు తగిలింది. మోపు పెద్దది, వెనక లైటు కనిపించలేదని మరిది అంటాడు. కావచ్చు. కానీ రోడ్డు చూస్తుంటే మోపు కనిపించేది. 108కి కాల్ చేసింది కూడా మా మరిదే, 6:23కి. పారిపోలేదు, ఆస్పత్రిలో రాత్రంతా ఉన్నాడు. ఆయన కాలు రెండు చోట్ల విరిగింది.

పోలీసులు కారుతో పాటు ఫోన్ కూడా తీసుకున్నారు. ఎవరూ సాక్ష్యం చెప్పక్కర్లేకపోయింది. గ్రూపులో 6:21, కాల్ లిస్టులో 6:23. మధ్యలో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల గురించే ఇప్పటికీ వాయిదాలు నడుస్తున్నాయి.

ర్యాష్ డ్రైవింగ్‌తో పాటు తీవ్ర గాయం చేసిన సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా పడవచ్చని మా లాయర్ గారు చెప్పారు. లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారు. అదంతా ఒక ఎత్తు. మరిదికి మస్కట్‌లో ఉద్యోగం ఖాయమై ఉంది. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి ఇచ్చి ఉన్నాడు. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంది కాబట్టి కోర్టు అనుమతి తెచ్చుకోమన్నారు. అనుమతి వచ్చేసరికి ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారు.

ఆ పెద్దాయనకి రెండు గేదెలు. గడ్డి కోసి వేసే మనిషి లేక సంక్రాంతి లోపే రెండూ అమ్ముకున్నారు. మా అత్తగారు వెళ్లి చూసి వచ్చారు. ఖాళీ గాటిపాక చూపించి ఆయన భార్య ఒక్క మాట కూడా తిట్టలేదట, కాఫీ ఇచ్చిందట. పాలు కొనుక్కొచ్చి.

ఆ ఎర్ర రాళ్లది మేం కొనలేదు.

మూడోగేరు | ఆదివారం, మధ్యాహ్నం 2:49

సుభద్ర గారూ, ఏం రాయాలో తెలియట్లేదండీ. ఆ పెద్దాయన ఇప్పుడు ఎట్లా ఉన్నారు?

సుభద్ర | ఆదివారం, మధ్యాహ్నం 3:30

కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నష్టపరిహారం కేసు ట్రిబ్యునల్‌లో ఉంది. ఇన్సూరెన్స్ వస్తుందో రాదో అని మరిదికి అదొక టెన్షన్. వకీలు గారూ, ఫోన్ చూస్తూ గుద్దితే కంపెనీ ఎగ్గొట్టవచ్చా?

ఓరుగల్లు_వకీలు | ఆదివారం, సాయంత్రం 5:02

లేదమ్మా, ఆ భయం అక్కర్లేదు. థర్డ్ పార్టీ క్లెయిమ్‌ని కంపెనీ తప్పించుకోవడానికి చట్టంలో కొన్ని కారణాలే ఉన్నాయి. సరైన లైసెన్స్ లేకపోవడం, తాగి నడపడం లాంటివి. ఫోన్ చూడటం అందులో లేదు. ప్రమాదం నాటికి మీ మరిది లైసెన్స్ చెల్లుబాటులోనే ఉంది కాబట్టి పెద్దాయనకి రావాల్సింది వస్తుంది.

అయితే ఈ సందర్భంలో అందరికీ ఒక మాట. లైసెన్స్ సస్పెండ్ అయిన మూడు నెలల్లో "దగ్గరే కదా" అని బండి తీసి ఎవరినైనా గుద్దారనుకోండి. అప్పుడు కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఆ డబ్బంతా బండి యజమాని దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశిస్తుంటాయి. లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మినవాళ్లని చూశాను.

సస్పెన్షన్ అనేది ఉత్తుత్తి బెదిరింపు కాదు. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రత కమిటీ 2015 ఆగస్టులోనే రాష్ట్రాలకి చెప్పింది, తాగి నడపడం, రెడ్ లైట్ దాటడం లాంటివాటితో పాటు ఫోన్ వాడినా కనీసం మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేయాలని. కేంద్ర నిబంధనల్లో 21వ రూల్ కూడా ఫోన్‌ని ఆ జాబితాలో పెట్టింది. ప్రతి చలానాకీ అది జరగట్లేదు నిజమే. ప్రమాదం జరిగితే మాత్రం ఆ కాగితం బయటికి వస్తుంది.

మనిషి చనిపోతే లెక్క ఇంకా మారుతుంది. పాత ఐపీసీలో నిర్లక్ష్యంతో మరణానికి రెండేళ్లే గరిష్ఠం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా పెంచారు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:15

నేను చట్టం గురించి మాట్లాడను, నాకు తెలిసింది లెక్కలే. పదో తరగతి పిల్లలకి ఈ లెక్క బోర్డు మీద వేస్తుంటాను.

గంటకి 60 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. అంటే ఒక్క సెకను కింద చూస్తే కబడ్డీ కోర్టు దాటేసినట్టు. మెసేజ్ చదివి, ఒక ముక్క జవాబు కొట్టడానికి అయిదు సెకన్లు అనుకుందాం. 83 మీటర్లు. క్రికెట్ పిచ్‌లు నాలుగు వరసగా పరిచి, కళ్లకి గంతలు కట్టుకుని నడిపినట్టు. ఇది బ్రేక్ మీద కాలు పెట్టకముందు దూరం. ఆగడానికి పట్టేది దీనికి అదనం.

ఒకసారి పిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్లి 83 మీటర్లు టేపుతో కొలిపించాను. గోల్‌పోస్టు దగ్గర మొదలుపెడితే గేటు బయట టీ కొట్టు దగ్గర తేలారు. మర్నాడు ఒక పిల్ల వచ్చి, "సార్, మా నాన్న ఫోన్ తీసి డిక్కీలో పెట్టించాను" అంది. వాళ్ల నాన్న నన్ను కనపడిన చోటల్లా గుర్రుగా చూస్తుంటాడు.

వానపాము | ఆదివారం, సాయంత్రం 6:40

మాస్టారూ, మరి మూడోగేరు గారు ఆగి ఉన్నారు కదా. సున్నా కిలోమీటర్ల వేగంతో అయిదు సెకన్లకి ఎన్ని పిచ్‌లు?

లెక్కల_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:44

సున్నా. అందుకే చట్టం గురించి మాట్లాడనన్నాను.

డెలివరీ_డైరీ | ఆదివారం, రాత్రి 11:58

ఇప్పుడే లాగౌట్ అయ్యాను. మీరంతా ఫోన్ జేబులో పెట్టుకోవచ్చు అన్నా, మాకు ఫోనే పని. హ్యాండిల్‌కి హోల్డర్ పెట్టుకుని నడుపుతాం. బండి మీద ఉండగానే కొత్త ఆర్డర్ వస్తుంది, స్క్రీన్ మీద గుండ్రంగా గీత తిరుగుతుంటుంది. అది పూర్తయ్యేలోపు వేలు పెట్టాలి. లేకపోతే పోతుంది. రెండు మూడు పోతే రేటింగ్ మీద పడుతుంది. ఆపైన కస్టమర్ మెసేజ్‌లు. "భయ్యా ఎక్కడ", "భయ్యా ఎక్కడ", "లిఫ్ట్ పని చేయట్లేదు, మెట్లెక్కి రా". వాన పడితే ఫోన్‌కి పాలిథిన్ కవర్ కడతాం. అప్పుడు వేలు సరిగా తగలదు, ఒకసారికి నాలుగుసార్లు నొక్కాలి.

చలానా పడితే కంపెనీ కట్టదు. నాకు రెండు పడ్డాయి, ఒక్కోటి ఒక రోజు సంపాదన కంటే ఎక్కువే.

అడిగేది ఏంటంటే, హోల్డర్‌లో ఉన్న ఫోన్‌లో మ్యాప్ చూస్తే తప్పా? ఆర్డర్ నొక్కితే తప్పా? హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని మాట్లాడేవాళ్ల సంగతేంటి? దాన్ని చేత్తో పట్టుకోలేదు కదా అంటారు వాళ్లు.

ఓరుగల్లు_వకీలు | సోమవారం, ఉదయం 7:20

తమ్ముడూ, ముందు మ్యాప్ సంగతి. 2020 అక్టోబర్ 1 నుంచి కేంద్ర నిబంధనల్లో మార్పు వచ్చింది. నడిపేటప్పుడు చేతిలో పట్టుకునే పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా ఉండాలి. కాబట్టి హోల్డర్‌లో మ్యాప్ తప్పు కాదు. "మాత్రమే" అన్న మాట గుర్తుపెట్టుకో. అదే స్క్రీన్ మీద ఆర్డర్ నొక్కడం, చాట్‌కి జవాబివ్వడం దారి చూసుకోవడం కిందికి రావు.

హెల్మెట్‌లో దూర్చుకునే వాళ్ల తెలివి చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. చేత్తో పట్టుకోలేదని వాదించవచ్చు. కానీ అదే 184 వివరణలో చివర ఇంకో మాట ఉంది. జాగ్రత్త గల డ్రైవర్ ప్రమాణానికి బాగా దిగువన నడిపితే అదీ ప్రమాదకరమే. ఫోన్ జారుతుంటే తల ఒక పక్కకి వంచి, భుజంతో నొక్కి పట్టుకుని బండి నడిపేవాడిని ఏ జడ్జి గారూ జాగ్రత్తపరుడు అనరు.

పెదవాల్తేరు | సోమవారం, ఉదయం 9:05

డెలివరీ తమ్ముడు చెప్పింది చదివాక కోపం ఎవరి మీద పడాలో తెలీడం లేదు. నేను కూడా ఆర్డర్ పెట్టి "ఎక్కడ" అని మెసేజ్ కొట్టేదాన్నే. నిన్న రాత్రి కొట్టబోయి ఆగాను. బిర్యానీ చల్లగా వచ్చింది, తిన్నాను.

ఇంకో మాట. మా వైపు ఆటోల్లో డ్రైవర్ సీటు ముందు ఫోన్ పెట్టుకుని సీరియల్ చూస్తూ నడిపేవాళ్లు ఉన్నారు. వెనక కూర్చున్న మేం కూడా కథలో పడిపోయి చూస్తుంటాం. బీచ్ రోడ్డు మలుపులో ఒకసారి అత్తాకోడళ్ల గొడవ క్లైమాక్స్‌కి వచ్చింది, డ్రైవరూ నేనూ ఇద్దరం అరిచాం. ఆయన కోడలి కోసం, నేను ఎదురుగా వస్తున్న బస్సు కోసం.

ఇర్వింగ్_బావ | సోమవారం, ఉదయం 10:12

టెక్సాస్ నుంచి. మూడోగేరు గారి ప్రశ్నకి ఇక్కడ సూటిగా జవాబుంది. 2017 సెప్టెంబర్ నుంచి రాష్ట్రమంతటా నడుపుతూ మెసేజ్ చదవడం, రాయడం, పంపడం నిషేధం, కానీ బండి ఆగి ఉంటే వర్తించదని చట్టంలోనే రాసేశారు. మీరు ఇక్కడ ఉండి ఉంటే ఆ "సరే" ఉచితం. స్కూల్ జోన్ల దగ్గర, ఆస్టిన్ లాంటి సిటీల్లో రూల్ ఇంకా గట్టిది.

జరిమానా మొదటిసారి 25 నుంచి 99 డాలర్లు. ఎవరికైనా తీవ్ర గాయమైతే, ప్రాణం పోతే మాత్రం ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అదే జార్జియాకి కారేసుకుని వెళ్తే సిగ్నల్ దగ్గర ఆగి పట్టుకున్నా టికెట్టే. ఇక్కడి నుంచి అట్లాంటాకి పెళ్లికెళ్లే మనవాళ్లు చాలామందికి ఇది తెలియదు.

లీసెస్టర్_లలిత | సోమవారం, మధ్యాహ్నం 1:40

యూకేలో అయితే సిగ్నల్ దగ్గర ఆగినా, ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నా, చేతిలో ఫోన్ ఉంటే నేరమే. 2022 మార్చి నుంచి ఇంకా బిగించారు, పాట మార్చినా ఫోటో తీసినా అదే లెక్క. 200 పౌండ్లు, లైసెన్స్ మీద ఆరు పాయింట్లు. డబ్బు కాదు, ఆ పాయింట్లే ఏడిపిస్తాయి. లైసెన్స్ వచ్చిన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్స్ పోయినట్టే, మళ్లీ లెర్నర్ నుంచి మొదలు.

ఇక్కడికి వచ్చిన మనవాళ్లు ఇండియా లైసెన్స్‌తో పన్నెండు నెలలు నడిపి, తర్వాత ఇక్కడి టెస్ట్ రాస్తారు. పదిహేనేళ్లు హైదరాబాద్‌లో నడిపినా లెక్కలోకి రాదు, కొత్త డ్రైవరే. మా ఫ్రెండ్ వాళ్లాయన అలాగే దొరికాడు. నలభై రెండేళ్ల మనిషి కారు మీద మళ్లీ ఎర్ర "ఎల్" బోర్డు అంటించుకుని, పక్క సీట్లో భార్యని కూర్చోబెట్టుకుని నడిపాడు. ఆవిడకి లైసెన్స్ వచ్చి మూడేళ్లు దాటింది కాబట్టి ఆవిడే సూపర్‌వైజర్. ఆ మూణ్ణెల్లు ఆవిడ ముఖంలో వెలుగు చూడాలి!

షార్జా_శీను | సోమవారం, మధ్యాహ్నం 3:03

యూఏఈలో 800 దిర్హాములు, నాలుగు బ్లాక్ పాయింట్లు. 24 అయితే లైసెన్స్ గోవిందా. అబుదాబిలో 2021 నుంచి రాడార్లే ఫోన్ పట్టుకున్నోళ్లని ఫోటో తీస్తున్నాయి. డ్రైవర్ ఉద్యోగానికి వచ్చినోడికి లైసెన్స్ పోతే ఇంటికి టికెట్టే.

చౌరస్తా | సోమవారం, సాయంత్రం 4:27

మన దగ్గర కూడా పాయింట్లు పెట్టిన్రు కదా. 2017 ఆగస్టుల తెలంగాణల మొదలుపెట్టిన్రు, 24 నెలల్ల 12 పాయింట్లయితే లైసెన్స్ ఏడాది సస్పెండ్ అని. నాకెన్ని పాయింట్లున్నయో నాకే తెల్వదు. ఎవరికన్న తెలుసా?

ఇంకో ముచ్చట. ఫోన్‌తోటి అంత ఘోరాలు అయితున్నయంటరు గానీ, కేంద్ర ప్రభుత్వం లెక్కల్ల 2021ల ఫోన్ వల్ల అయిన యాక్సిడెంట్లు 1,997, చనిపోయినోళ్లు 1,040. దేశం మొత్తం మీద ఆ ఏడు చనిపోయింది లక్షా 53 వేల మందికి పైన. గుంతల వల్లనే 1,481 మంది పోయిన్రు. మరి గుంతకి చలానా ఎవరికి రాస్తరు?

లెక్కల_మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:50

చౌరస్తా బాబూ, అంకెలు సరిగానే చెప్పావు, మెచ్చుకుంటున్నాను. గుంతల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ 1,997 ఎట్లా వచ్చిందో ఆలోచించు. ప్రమాదం జరిగాక ఎస్సై గారు కారణం గడిలో రాస్తేనే అది లెక్కలోకి వస్తుంది. "నేను ఫోన్ చూస్తున్నాను సార్" అని ఎవడైనా చెబుతాడా? డివైడర్ ఎక్కినవాడు కుక్క అడ్డొచ్చిందంటాడు. అది అతివేగం కిందో, నిర్లక్ష్యం కిందో పోతుంది. సుభద్ర గారి మరిది ఫోన్ పోలీసుల చేతికి వెళ్లింది కాబట్టి తెలిసింది. వెళ్లకపోతే?

చౌరస్తా | సోమవారం, సాయంత్రం 6:02

అది కరెక్టే మాస్టారూ. కానీ గుంతలు గుంతలే.

లెక్కల_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:03

గుంతలు గుంతలే. ఫోన్ చూసేవాడికి అవి కూడా కనపడవు.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 8:30

ఒకే ఫార్వర్డ్‌ని ముగ్గురు సభ్యులు పెట్టారు, రాజపత్రం ముద్రతో "కొత్త చలానా రేట్లు" అని. అందులో చొక్కా గుండీ పెట్టుకోకపోతే కూడా జరిమానా అని ఉంది. తీసేశాను. పోలీసుల మీద బూతులున్న రెండు పోస్టులు కూడా తీసేశాను. మీ చలానాల స్క్రీన్‌షాట్లు పెట్టేటప్పుడు బండి నంబర్ కనపడకుండా చూసుకోండి.

ఓరుగల్లు_వకీలు | సోమవారం, రాత్రి 9:11

మూడోగేరు గారూ, ఒకటి చెప్పడం మరిచాను. కెమెరాలతో, ఎలక్ట్రానిక్ నిఘాతో పట్టుకున్న నేరాలకి 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ రూల్ ప్రకారం పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి, ఫోటోలో బండి నంబర్, తేదీ, సమయం, స్థలం ఉండాలి. మీకు మర్నాడే వచ్చింది, ఫోటో మీరే మెచ్చుకున్నారు. ఆ దారీ మూసుకుపోయినట్టే. నంబర్ తప్పు పడితేనో, బండి మీది కాకపోతేనో పోర్టల్‌లో అభ్యంతరం పెట్టుకోవచ్చు. అలాంటివి మాత్రం వదలకండి.

మూడోగేరు | మంగళవారం, ఉదయం 8:55

అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి కట్టేశాను. కడుతుంటే ఇంకో చలానా కనపడింది, పోయిన ఏడాదిది, నాకు తెలియనే తెలియదు. అందులో నేను నడుపుతూనే ఉన్నాను. ఫోన్ చెవి దగ్గర ఉంది, బండి మీద వెనక మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు, వాడు కెమెరా వైపే చూస్తున్నాడు. దాని గురించి ఇక్కడ ప్రశ్న ఏమీ లేదు. రెండూ కలిపి 2,070.

మా ఆవిడ ఇప్పుడు మెసేజ్ పెట్టట్లేదు. పాలబూత్ అబ్బాయికే ఫోన్ చేసి చెబుతోంది, నేను వెళ్లేసరికి కవర్ కట్టి ఉంచుతున్నాడు.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 9:30

మంచి పని చేశారండీ. ఇంతకీ పాత చలానాలకి డిస్కౌంట్ మళ్లీ ఎప్పుడు ఇస్తారో ఎవరికైనా తెలుసా? మా బావమరిది బండి మీద పదకొండు ఉన్నాయి.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 9:34

దానికి వేరే దారం ఉంది. నలభై ఏడు పేజీలు. అక్కడ అడగండి.